‘ది ఆడ్ ఎర్రర్’: మెచ్చుకోలా, మందలింపా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది చీమకుర్తి. ఒంగోలులో బీకాం చదివి, ఇక్కడే ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థలో కాగితాల పని చూస్తున్నాను. ఇన్‌వాయిస్‌లు, ప్యాకింగ్ లిస్టులు, కంటైనర్ వివరాలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. పోయిన వారం ఇంగ్లండ్‌లోని మా కొనుగోలుదారు దగ్గరి నుంచి ఒక మెయిల్ వచ్చింది. అందులో చివరి వాక్యం ఇది: ‘యువర్ ప్యాకింగ్ లిస్ట్స్ ఆర్ వెరీ గుడ్, అపార్ట్ ఫ్రమ్ ది ఆడ్ ఎర్రర్.’

మా యజమాని గారు అది చదివి నన్ను పిలిచి, “ఆడ్ అంటే వింత అని నాకూ తెలుసు. అంత వింత తప్పు ఏం చేశావమ్మా?” అని అందరి ముందూ అడిగారు. మా ఆఫీసులో పెద్దాయన ఒకరు, “ఆడ్ అంటే బేసి సంఖ్య. బేసి నంబరు స్లాబుల కొలతల్లో ఎక్కడో తేడా వచ్చి ఉంటుంది, చూసుకో” అన్నారు. ఆ సాయంత్రం కూర్చుని 1, 3, 5, 7 అంటూ బేసి నంబర్లన్నీ సరిచూశాను. ఏమీ దొరకలేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావ మాత్రం, “అక్కడ ‘ఆన్ ఆడ్ ఎర్రర్’ అని ఉండాలి, ఆ ఇంగ్లీషాయనే తప్పు రాశాడు” అంటున్నాడు. క్షమాపణగా ‘వుయ్ రిగ్రెట్ ది ఆడ్ ఎర్రర్’ అని జవాబు రాసి పెట్టుకున్నాను గాని ఇంకా పంపలేదు. ఇలాంటివి ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ జరుగుతాయని కూడా చేర్చమని బావ సలహా. పంపవచ్చా? అసలు ఆయన మెచ్చుకున్నాడా, తిట్టాడా?
— చీమకుర్తి పాఠకురాలు

సమాధానం: అమ్మా, మెచ్చుకున్నాడు. మెచ్చుకుంటూనే ఒక చిన్న మాట చెవిన వేశాడు. ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘ఒకటీ అరా తప్పులు తప్పిస్తే మీ ప్యాకింగ్ లిస్టులు చాలా బాగుంటున్నాయి.’ అంతకుమించి అందులో ఏమీ లేదు. వింత తప్పేదీ మీరు చేయలేదు. బేసి సంఖ్యల ప్రసక్తి అసలు లేదు. ఆయన ఇంగ్లీషులో దోషమూ లేదు. మీ యజమాని గారు చెప్పిన అర్థం, ఆ పెద్దాయన చెప్పిన అర్థం రెండూ నిఘంటువులో ఉన్నవే కాబట్టి వారిని తప్పుపట్టలేం. ఈ వాక్యానికి మాత్రం అవి పట్టవు. మీ బావ సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

కీలకం ‘ఆడ్’లో కాదు, దాని ముందున్న ‘ది’లో ఉంది. తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక మన కన్ను వాటి మీద నిలవదు. వాక్యం చదివేటప్పుడు వాటిని దాటేసి పెద్ద మాటల మీదికి వెళ్లిపోతాం. బడిలో మనకు చెప్పింది ఏమిటి? ‘ది’ వస్తే ఇద్దరికీ తెలిసిన ఫలానా వస్తువు, ‘ఎ’ గాని ‘ఆన్’ గాని వస్తే ఏదో ఒకటి అని. ఆ సూత్రం పట్టుకుని చూస్తే ‘ది ఆడ్ ఎర్రర్’ అంటే ‘ఆ ఫలానా వింత తప్పు’ కావాలి. మీ యజమాని గారు సరిగ్గా ఆ దారిలోనే నడిచారు. కానీ ఈ ప్రయోగం ఆ సూత్రానికి లొంగదు. ‘ది ఆడ్’ తర్వాత ఏకవచనంలో ఒక నామవాచకం వస్తే, సాధారణంగా ఆ రెండు మాటలూ కలిసి ‘అప్పుడప్పుడు ఒకటి’ అనే అర్థం ఇస్తాయి. పేరుకు అది విశేషణం, చేసేది క్రియా విశేషణం పని. తప్పు ఎలాంటిదో అది చెప్పదు, ఎంత తరచుగా దొర్లుతుందో చెబుతుంది. ఏకవచనంలో ఉన్నా ఒకే ఒక్క తప్పు అని కూడా అర్థం కాదు.

మీ ఊరి ఉదాహరణే తీసుకుందాం. అర్ధరాత్రి వేళ కర్నూలు రోడ్డు మీద ‘ది ఆడ్ కార్’ వెళ్తుందంటే, ఎప్పుడో ఒక కారు వెళ్తుందని. కారు రూపం గురించి అందులో మాట లేదు. అదే ‘ఆన్ ఆడ్ కార్’ వెళ్లిందంటే, చూసినవాళ్లు తల తిప్పి చూసేలాంటి విచిత్రమైన కారు ఒకటి వెళ్లిందని. (లారీ అని రాయబోయి మానుకున్నాను. రాళ్ల లారీలు తిరిగే మీ రోడ్డు మీద లారీకి ‘ది ఆడ్’ అనే మాట ఎటూ అతకదు.) కాబట్టి మీ బావ దిద్దినట్టు ‘ఆన్ ఆడ్ ఎర్రర్’ అని మార్చి ఉంటే ఆ వాక్యం మీ యజమాని గారు భయపడినదే అయి కూర్చునేది: మీ లిస్టుల్లో ఒక విచిత్రమైన తప్పు ఉంది అని. దిద్దుబాటు పేరుతో మెచ్చుకోలును ఫిర్యాదుగా మార్చడమంటే ఇదే. బావ గారికి ఈ సంగతి మెల్లగా చెప్పండి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారికి, ఒక్క అక్షరం మారితే అర్థం తలకిందులవుతుందని వేరే నేర్పాల్సిన పని లేదు.

అయితే ‘ది’ కనబడగానే ‘అప్పుడప్పుడు’ అని తీర్మానించుకోవద్దు. ‘ది ఆడ్ ఎర్రర్ ఇన్ లైన్ 14’ అని ఆయన రాసి ఉంటే కథ వేరు. 14వ వరుస అని వేలు పెట్టి చూపించాడు కనుక అది ఫలానా తప్పే. అక్కడ మీ యజమాని గారి అర్థమే సరైనది, ఆయన కోపమూ కొంత సబబే. ముందు ‘వెరీ’ వచ్చినా, మాట ‘ఆడెస్ట్’ అయినా వింత అనే అర్థం తప్ప మరొకటి రాదు. ఇక ‘ది’ లేకుండా బహువచనంలో ‘ఆడ్ ఎర్రర్స్’ అని వస్తే అది రెండు వైపులా తిరుగుతుంది. ముందు వాక్యం, వెనక వాక్యం చదివి తేల్చుకోవాలి. సందేహం వస్తే ‘ఆడ్’ తీసేసి ఆ చోట ‘అకేషనల్’ అనే మాట పెట్టి చదవండి. వాక్యం నడిస్తే అర్థం ‘అప్పుడప్పుడు’. తడబడితే ‘వింత’. ఆయన వాక్యంలో పెట్టి చూడండి, హాయిగా నడుస్తుంది. ఫోనులో మాట్లాడేటప్పుడు అయితే చెవికి ఇంకో ఆనవాలు దొరుకుతుంది: ‘అప్పుడప్పుడు’ అన్న అర్థంలో అయితే ఊనిక సాధారణంగా ‘ఎర్రర్’ మీద పడుతుంది, ‘ఆడ్’ తేలిపోతుంది. వింత అనేటప్పుడు ‘ఆడ్’నే ఒత్తి పలుకుతారు.

ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు వచ్చాయని మీరు అడగలేదు గాని, అది తెలిస్తే ఇకపై ఇలాంటి చోట మీకు తికమక ఉండదు. ఈ మాట స్కాండినేవియా వాళ్ల పాత భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. అక్కడ ‘ఒడ్డి’ అంటే మొన, త్రిభుజం. త్రిభుజంలో రెండు మూలలు జత అనుకుంటే మూడోది జత లేనిది. ఆ జత లేనితనం నుంచే బేసి సంఖ్య అనే అర్థం పుట్టింది. ఇద్దరు చెరో మాట మీద నిలబడ్డప్పుడు తీర్పు తేల్చే మూడో మనిషిని కూడా వాళ్లు ఆ మాటతోనే పిలిచేవారు. ఇంగ్లీషులో 14వ శతాబ్దం నాటికే ఇది బేసి అనే అర్థంలో స్థిరపడింది. జత లేనిది కనుక మిగిలిపోయినది. మిగిలిపోయినది కనుక లెక్క పైన ఉన్న చిల్లర. మందలో కలవనిది కనుక వింత. ఈ వింత అనే అర్థం 16వ శతాబ్దం చివరికి గాని రాలేదు. ఎక్కడో ఒకటి విడిగా తగిలేది కనుక ‘అప్పుడప్పుడు’. మీ ఆఫీసు పెద్దాయన చెప్పిన అర్థమే అన్నిటికంటే పాతది. ఢిల్లీలో 2016 జనవరిలో కార్లకు పెట్టిన సరి-బేసి పద్ధతి గురించి పేపర్లలో అన్నాళ్లు చదివాక ఎవరికైనా ముందుగా తోచే అర్థమూ అదే.

ఇంగ్లీషు ఒక్క మాటతో నెట్టుకొచ్చే చోట మనకు విడివిడిగా మాటలున్నాయి. చింతపిక్కలతో ఆడేటప్పుడు సరి బేసి అంటాం. లెక్క చెప్పేటప్పుడు ఇరవై చిల్లర అనో, ఇరవై పైచిలుకు అనో అంటాం. ఆశ్చర్యపోతే వింత అంటాం. తప్పుల దగ్గరికి వచ్చేసరికి ఒకటీ అరా అంటాం. ఈ ఒకటీ అరాను కూడా గమనించండి. అర తప్పు అంటూ లోకంలో ఏదైనా ఉంటుందా? ఉండదు. లెక్క కోసం కాదు, తేలిక చేయడం కోసం అంటాం. ‘ది ఆడ్’ స్వభావం కూడా సరిగ్గా అదే కాబట్టి, ఆ మాట ఎదురైనప్పుడల్లా వింతనూ బేసినీ పక్కనపెట్టి ముందు ఒకటీ అరాను తలుచుకోండి.

చిల్లర మాట వచ్చింది కనుక మీ పనికి నేరుగా తగిలే ఒక చిక్కు చెబుతాను. సంఖ్య తర్వాత ‘ఆడ్’ వస్తే మధ్యలో చిన్న అడ్డగీత ఉందా లేదా చూడండి. ‘ట్వెంటీ’కీ ‘ఆడ్’కీ మధ్య అడ్డగీత ఉంటే ఇరవై చిల్లర తప్పులు. అడ్డగీత లేకుండా ‘ట్వెంటీ ఆడ్ ఎర్రర్స్’ అని ఉంటే లెక్కకు సరిగ్గా ఇరవై, అన్నీ వింత తప్పులే. హడావిడిలో ఇంగ్లీషువాళ్లే ఆ గీత వదిలేస్తుంటారు గాని, మీరు రాసేటప్పుడు వదలవద్దు. అసలు నా మాట వింటే, వ్యాపారపు కాగితాల్లో ఈ చిల్లర లెక్కే రాయవద్దు. స్లాబులు ఎన్ని ఉంటే అన్ని అని అంకె వేయండి. కాగితాల్లో కొన్ని చిన్న మాటలకు కట్టుదిట్టమైన విలువ ఉంటుంది. ఉదాహరణకు, బ్యాంకు ద్వారా ఎల్‌సీ (కొనుగోలుదారు తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీద జరిగే వ్యాపారంలో మొత్తానికో పరిమాణానికో ముందు ‘అబౌట్’ అని ఉంటే అటూ ఇటూ 10 శాతం దాకా తేడా చెల్లుతుంది. అలాంటి వ్యాపారానికి 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నియమాల్లో 30వ అధికరణం ఆ సంగతి చెబుతుంది. ‘ఆడ్’కు అలాంటి విలువ ఏదీ లేదు. అది కబుర్లలో మాట.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ‘ది ఆడ్’ అనేది తగ్గించి చెప్పే మాట. బ్రిటిష్ వాళ్లకు ఈ తగ్గించి చెప్పడం ఒక అలవాటు. ఒకాయన ‘ది ఆడ్ డ్రింక్’ తీసుకుంటాడని నవ్వుతూ అన్నారంటే నిజంగా ఎప్పుడో ఒకసారి పుచ్చుకుంటాడని కావచ్చు. ఆయన రోజూ పుచ్చుకుంటాడని మర్యాదగా చెప్పడమూ కావచ్చు. అమెరికావాళ్లు ఇలాంటి చోట ఎక్కువగా ‘ది అకేషనల్’ అనేస్తారు. కాబట్టి మీ కొనుగోలుదారు మాటలో మెచ్చుకోలు ఎంత నిజమో, ఆ చిన్న పోటు కూడా అంతే నిజం. ‘అపార్ట్ ఫ్రమ్’ అంటూ వేరు చేసి మరీ చెప్పాడంటే ఆయన కంటికి కొన్ని తప్పులు కనబడ్డాయి, అవి ఆయనకు గుర్తున్నాయి. కోపం వచ్చి ఉంటే మాట వేరేలా ఉండేది. ‘ఎ నంబర్ ఆఫ్ ఎర్రర్స్’ అనో, ‘సెవరల్ డిస్క్రిపెన్సీస్’ (పలు తేడాలు) అనో రాసేవాడు. అవి వస్తే నిజంగా కంగారు పడాలి. ‘ఎ ఫ్యూ ఎర్రర్స్’ అంటే కొన్ని ఉన్నాయి, చూసుకోండి అని. అక్కడా మళ్లీ ఆర్టికల్ తిరకాసే: ముందున్న ‘ఎ’ తీసేసి వట్టి ‘ఫ్యూ ఎర్రర్స్’ అంటే తప్పులు దాదాపు లేవని మెచ్చుకోవడం.

తగ్గించి చెప్పే మాట అన్నాను కదా, మీరు రాసి పెట్టుకున్న క్షమాపణ పనికిరానిది అందుకే. ‘వుయ్ రిగ్రెట్ ది ఆడ్ ఎర్రర్’ అన్న వాక్యంలో వ్యాకరణ దోషం వెతికితే దొరకదు. కానీ అది వినేవాడి చెవిలో ఎలా పడుతుంది? ‘ఏదో ఒకటీ అరా తప్పులు, వాటికి విచారిస్తున్నాం’ అన్నట్టు. తప్పు చిన్నదని అనే హక్కు దాని వల్ల ఇబ్బంది పడ్డవాడిది, చేసినవాడిది కాదు. భోజనానికి వచ్చిన బంధువు, “ఉప్పు కాస్త తగ్గింది, అంతే. వంట బ్రహ్మాండం” అంటే అది పెద్దరికం. వడ్డించేవాళ్లు, “కాస్తే కదా తగ్గింది” అంటే ఆ విస్తరి ముందు కూర్చున్నవాడికి ఎలా ఉంటుంది? ఆయన ‘ది ఆడ్’ అని మిమ్మల్ని తేలిగ్గా వదిలిపెట్టాడు. ఆ మాటనే మీరు తిరిగి ఆయన మీద ప్రయోగిస్తే, మీ తప్పును మీరే మాఫీ చేసుకున్నట్టు ఉంటుంది. క్షమాపణలో ఎప్పుడూ తగ్గించే మాటలు ఉండకూడదు. ‘స్మాల్’, ‘మైనర్’, ‘జస్ట్’ లాంటివి కూడా ఇదే కోవలోకి వస్తాయి. అవతలివాడు మైనర్ అంటే అనుకోనివ్వండి, మీ వైపు నుంచి మాత్రం ‘ఎర్రర్స్’ అని ఊరుకోండి.

మరి ఈ ప్రయోగాన్ని మీరు ఎక్కడ వాడవచ్చు? ఎదుటివారిని తేలికపరచడానికి నిస్సందేహంగా వాడవచ్చు. రేపు మీ దగ్గర కొత్తగా చేరిన పిల్లవాడు లిస్టు తయారుచేస్తే, ఆయన మీతో అన్నట్టే మీరూ వాడితో అనవచ్చు. ఎవరి తప్పూ కానివాటికి వాడవచ్చు: ఓడరేవులో ‘ది ఆడ్ డిలే’ తప్పదు అన్నట్టు. స్నేహితుల మధ్య, ‘నా ఇంగ్లీషులో ది ఆడ్ మిస్టేక్ ఉంటుంది’ అని నవ్వుకుంటూ అనుకోవచ్చు. అక్కడ నష్టపోయినవాడు ఎవరూ లేరు కనుక.

బ్లూ మూన్ విషయానికి వస్తే, అది కూడా ఈ జవాబులో వద్దు. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే చాలా అరుదుగా అని అర్థం. మీ బావ దృష్టిలో అది మన ‘అమావాస్యకో పున్నానికో’ లాంటిదే అయి ఉండవచ్చు. రెండూ చందమామ మీద కట్టిన మాటలే గాని, అరుదులో చాలా తేడా ఉంది. అమావాస్యా పున్నమీ ప్రతి నెలా వస్తాయి. బ్లూ మూన్ అని ఈ రోజుల్లో అందరూ అనేది ఒకే ఇంగ్లీషు నెలలో పడిన రెండో పున్నమిని. అది సుమారు రెండున్నర, మూడేళ్లకు ఒకసారి వస్తుంది. పంచాంగం చూసే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈ లెక్క ఎక్కడో విన్నట్టు ఉంటుంది: మన అధిక మాసం కూడా ఇలాగే వస్తుంది. 19 సంవత్సరాల్లో 228 ఇంగ్లీషు నెలలు, చాంద్రమానం ప్రకారం సుమారు 235 నెలలు. ఎక్కువైన ఆ 7 నెలలే మనకు 7 అధిక మాసాలు, వాళ్లకు దాదాపు 7 బ్లూ మూన్‌లు. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది, ఆ ఆగస్టులోనే వాళ్లకు బ్లూ మూన్ కూడా వచ్చింది. సరదాగా ఉంది కదా? కానీ ఆయన ఇప్పుడే ఒకటీ అరా తప్పులు చూశానని రాశాడు. వెంటనే మీరు ‘మా దగ్గర తప్పులు మూడేళ్లకోసారి గాని జరగవు’ అంటే, ఆయన పాత ఫైళ్లు తీసి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఆ పని ఆయనకు మీరే కల్పించకండి.

పంపవలసిన జవాబు చాలా చిన్నది. ఇంగ్లీషు వాక్యాలను తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు మామూలుగా టైపు చేసుకోండి: ‘థాంక్యూ ఫర్ యువర్ కైండ్ వర్డ్స్. వుయ్ ఆర్ సారీ ఫర్ ది ఎర్రర్స్. కుడ్ యూ ప్లీజ్ టెల్ అజ్ విచ్ లిస్ట్స్ దే వర్ ఇన్, సో దట్ వుయ్ కెన్ కరెక్ట్ అవర్ రికార్డ్స్?’ మూడు వాక్యాలు. మెచ్చుకున్నందుకు కృతజ్ఞత, తప్పులకు విచారం, ఏ లిస్టుల్లో ఉన్నాయో చెప్పమని వినతి. మూడోదే ముఖ్యం. తప్పు ఎక్కడో చెప్పకుండా తప్పుందని చెప్పడం ఆయన మర్యాద, ఎక్కడో అడిగి తెలుసుకోవడం మీ వృత్తి. ‘రిగ్రెట్’ బదులు ‘సారీ’ ఎందుకు పెట్టానంటే, ఆయన మెయిల్ స్నేహంగా ఉంది. దానికి ప్రభుత్వ ఉత్తరంలాంటి జవాబు ఇవ్వనవసరం లేదు.

ఆయన ఆ వివరాలు పంపాక అన్ని తప్పులనూ ఒకే గాటన కట్టకండి. బ్యాంకులు కాగితాలు ఎలా పరిశీలించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్‌బీపీ. అర్థం చెడని అక్షర దోషాన్ని అది పట్టించుకోదు. ‘మెషిన్’ అనే మాట స్పెల్లింగు తప్పినా, ‘మోడల్’లో అక్షరాలు తారుమారైనా పర్వాలేదంటుంది. కానీ మోడల్ 321 అని ఉండాల్సిన చోట 123 అని పడితే తేడాగా లెక్కగడుతుంది. మీ పనికి ఇది అతికినట్టు సరిపోతుంది. ‘గెలాక్సీ’ స్పెల్లింగులో ఒక అక్షరం జారితే ఎవరి కొంపా మునగదు. (ఆ మాటకొస్తే పెద్ద పొరపాటు ఆ సరుకు పేరులోనే ఉంది. మీ ఊరి దగ్గరి రామతీర్థం చుట్టుపక్కల తవ్వే బ్లాక్ గెలాక్సీని లోకమంతా గ్రానైట్ అంటోంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని గాబ్రో జాతి రాయి అంటారు. దానిలో బంగారంలా మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఆ పేరు మీద ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చేయలేదు.) కొలతలో అంకెలు తారుమారైతే మాత్రం డబ్బు పోతుంది. 271 సెంటీమీటర్ల పొడవు, 180 ఎత్తు ఉన్న స్లాబు 4.878 చదరపు మీటర్లు. ఆ 271ని 217 అని కొడితే 3.906 అవుతుంది. ఒక్క స్లాబులోనే దాదాపు ఒక చదరపు మీటరు గల్లంతు. మీ యజమాని గారు కోప్పడాల్సింది ఏదైనా ఉంటే దానికి.

కంటైనర్ నంబరు దగ్గర మీకు ఒక రక్షణ ఉంది. నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి కదా, ఆ ఏడో అంకె ఊరికే వేసింది కాదు. ముందున్న అక్షరాలనూ ఆరు అంకెలనూ ఒక లెక్కలో పెట్టి రాబట్టిన చెక్ డిజిట్ అది. ఐఎస్ఓ 6346 అనే ప్రమాణం ప్రకారం వేస్తారు. మధ్యలో ఒక అంకె మారినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ చివరి అంకెతో చాలా మట్టుకు లెక్క కుదరదు, తప్పు దొరికిపోతుంది. స్లాబు నంబర్లకూ కొలతలకూ అలాంటి కాపలా లేదు. కాబట్టి సాయంత్రం కూర్చుని సరిచూసే ఓపిక మీకు ఉంటే, బేసి సరి అని చూడకుండా కొలతల వరుస మొత్తం చూడండి. పక్కన ఒకరు పైకి చదువుతుంటే మీరు కాగితం మీద చూసుకోవడం మేలు. రాసిన కన్నే మళ్లీ చదివితే, ఉన్నది కాక ఉండాల్సింది కనబడుతుంది.

మీ యజమాని గారితో ఎలా అంటారా? వ్యాకరణం ఎత్తవద్దు. అందరి ముందూ అడిగినది అందరి ముందూ తేల్చుకోవాలని మీకు అనిపించడం సహజం, కానీ ఆర్టికల్స్ పాఠం చెబితే ఆయన మరింత బిగుసుకుంటారు. ఆ వాక్యం తెలుగు అర్థం ఒక కాగితం మీద రాసి, పంపబోయే జవాబుతో కలిపి ఆయన చేతికి ఇవ్వండి. “ఒకటీ అరా తప్పులు తప్ప మన లిస్టులు చాలా బాగున్నాయంటున్నారండీ. అవి ఏవో అడిగి సరిచేస్తాను” అనండి. సంస్థకు వచ్చిన మెచ్చుకోలు కనుక ‘మన’ లిస్టులు అనే అనండి. ఆయన నమ్మకపోతే ‘ఆడ్’ అనే మాటను ఏదైనా మంచి ఇంగ్లీషు నిఘంటువులో తీసి, ‘అకేషనల్’ అని ఉన్న అర్థాన్ని చూపించండి. నాలుగైదు అర్థాలు దాటి కిందికి వెళ్లాల్సి రావచ్చు. మొదటి అర్థం దగ్గరే ఆగిపోవద్దని ఆయనకు చెప్పకండి, మీరే పేజీ మీద వేలు పెట్టి చూపించండి.

ఇంగ్లండ్ నుంచి జవాబు వచ్చాక అందులో మళ్లీ ఏ మాటైనా అడ్డం తిరిగితే రాయండి. కానీ రెండు మాటలు విడదీసి కాకుండా, దానికి ముందు వాక్యమూ తర్వాత వాక్యమూ కలిపి పంపండి.